కొత్త ఫ్లాటా, పాత ఇల్లా: కొనేముందు అందరూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇల్లు వెతుకుతున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. పన్నులు, చార్జీల రేట్లు మారుతుంటాయి, రిజిస్ట్రేషన్‌కి వెళ్లేముందు ఒకసారి సరిచూసుకోండి.

ఒక్క ముక్కలో చెప్పండి, కొత్తది కొనాలా పాతది కొనాలా?

ఒక్క ముక్కలో తేలేది కాదు గానీ నా లెక్క ఇది. ఇల్లంటే స్థలం ఒకటి, దాని మీద కట్టడం ఒకటి. కట్టడం విలువ ఏటేటా తగ్గుతుంది, స్థలం విలువ మామూలుగా పెరుగుతుంది. ఈ రెండూ విడదీసి చూడకుండా కొత్తది కాబట్టి ఎక్కువ ఇవ్వొచ్చు, పాతది కాబట్టి తక్కువకి అడగొచ్చు అని బేరం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు లెక్క తారుమారయ్యేది అక్కడే.

పాత ఇల్లంటే ఎన్నేళ్లది?

అందరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి మూడు రకాలు. మొదటిది ఊళ్లలో, పాత పేటల్లో ఉండే పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు, రాయలసీమ వైపు మట్టి మిద్దెలు, కోస్తాలో డంగు సున్నంతో కట్టిన మేడలు. వీటికి ఇల్లుగా కాక స్థలంగానే ధర కడతారు, టేకు దూలాలు, ద్వారబంధాలు బాగుంటే వాటి ధర వేరే. రెండోది 1980, 90లలో వేసిన స్లాబ్ ఇళ్లు, వందా నూటయాభై రెండొందల గజాల్లో ఉండే ఇండిపెండెంట్ ఇళ్లు. మూడోది 90ల చివర, 2000ల మొదట్లో కట్టిన మూడు నాలుగు అంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్లు. కింద ఎక్కువగా చెప్పేది ఈ రెండో, మూడో రకాల గురించే.

ధర ఎలా పోల్చాలి? పాత ఇల్లు ఎస్‌ఎఫ్‌టీకి ఎంత పడుతుందో చూస్తే చాలదా?

చాలదు. ఇండిపెండెంట్ ఇంటిని ఎస్‌ఎఫ్‌టీ లెక్కన చూడటమే తప్పు. ఉదాహరణకి 150 గజాల్లో పాతికేళ్ల కిందటి ఇల్లు, కోటీ 5 లక్షలు అడుగుతున్నారు అనుకుందాం. ఆ వీధిలో ఖాళీ స్థలం గజం 60 వేలు పలుకుతుంటే స్థలమే 90 లక్షలు. అంటే కట్టడానికి 15 లక్షలు అడుగుతున్నట్టు. ఇప్పుడు ఆ కట్టడానికి 15 లక్షలు విలువ ఉందా అని ఒక ఇంజనీరుని పిలిచి అడగండి, ప్రశ్న చిన్నదైపోతుంది. ఉంటే కొనొచ్చు, లేకపోతే 90కి దగ్గరగా బేరం పెట్టండి. పడగొట్టాల్సినంత పాతదైతే పడగొట్టే ఖర్చు కూడా తగ్గించమనండి. ఇనుము, తలుపులు, కిటికీలు అమ్మితే అందులో కొంత తిరిగొస్తుంది.

ఫ్లాట్‌కి వచ్చేసరికి చూడాల్సింది యూడీఎస్, అంటే ఆ స్థలంలో మీ పేరున రాసే వాటా. 600 గజాల్లో పది ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్ అయితే తలా 60 గజాలు. ఎకరం అంటే 4840 గజాలు, అందులో 200 ఫ్లాట్ల టవర్ లేపితే తలా 24 గజాలు. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, లేదు కాబట్టి టవర్ పెరిగేకొద్దీ మీ గజాలు తగ్గుతూ పోతాయి. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఫోటోలు చూపించే బ్రోషర్‌లో ఈ అంకె మాత్రం ఎక్కడా కనపడదు, అడిగితే గానీ చెప్పరు, కొన్నిచోట్ల అడిగినా నవ్వి ఊరుకుంటారు. అయితే యూడీఎస్ ఎక్కువ ఉందని మురిసిపోయి వెంటనే పాత ఫ్లాట్ కొనేయకండి. ఆ గజాలు చేతికి రావాలంటే మిగతా ఓనర్లంతా కలిసి డెవలప్‌మెంట్‌కి, అంటే పడగొట్టి కొత్తది కట్టమని బిల్డరుకి, ఇవ్వడానికి ఒప్పుకోవాలి. పదిమందిలో ఇద్దరు మొండికేస్తే ఏళ్ల తరబడి ఆగిపోతుంది.

1500 ఎస్‌ఎఫ్‌టీ పాత ఫ్లాటూ 1500 ఎస్‌ఎఫ్‌టీ కొత్త ఫ్లాటూ ఒకటే కదా?

కాదు. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో లిఫ్ట్ లాబీలు, కారిడార్లు, క్లబ్‌హౌస్ అన్నీ మీ లెక్కలో కలుస్తాయి. రెండు ఇళ్లకీ టేపు పట్టి కార్పెట్ ఏరియా కొలవండి, అంటే గోడల మధ్య మీరు నిజంగా వాడుకునే నేల. రేరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం బిల్డరు కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. ధరని ఆ అంకెతో భాగించి చూడండి, పాత ఫ్లాట్ చాలాసార్లు మీరనుకున్నదాని కన్నా చవగ్గా కనిపిస్తుంది.

పన్నులు, రిజిస్ట్రేషన్ దేనికి ఎక్కువ?

రిజిస్ట్రేషన్ రెండిటికీ ఒకటే. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1, అక్కడా మొత్తం 7.5 శాతమే. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి.

తేడా అంతా జీఎస్టీ దగ్గరే. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొంటే 5 శాతం, 45 లక్షల లోపు ఉండి సైజు కూడా పరిమితిలో ఉంటే 1 శాతం. 80 లక్షల ఫ్లాట్‌కి 4 లక్షలు జీఎస్టీకే పోతాయి. ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక అమ్మే ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు, పాత ఇంటికీ లేదు. అందుకే కొత్తది కావాలి, జీఎస్టీ వద్దు అనేవాళ్లు ఓసీ వచ్చి అమ్ముడుపోకుండా మిగిలిన ఫ్లాట్లు వెతుకుతారు. తెలివైన పనే, కాకపోతే అప్పటికి ధర పెరిగి ఉంటుంది, మిగిలినవి కూడా మూలన ఉన్నవో, సౌత్ ఫేసింగ్‌వో అయి ఉంటాయి.

ఇంకోటి చాలామంది మర్చిపోయేది: ధర 50 లక్షలు గానీ ఆ పైన గానీ ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ పట్టుకుని అమ్మేవాళ్ల పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. పాత ఇల్లు ఎవరో పెద్దాయన దగ్గర కొంటున్నప్పుడు ఆయనకి ఈ సంగతి తెలియదు, డబ్బు తక్కువ ఇస్తున్నారని గొడవపడతాడు. అగ్రిమెంట్ రోజే చెప్పేయండి. అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే లెక్క వేరు, రేటు చాలా ఎక్కువ, ఆడిటర్ని కలవకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

పాతకాలం కట్టడమే గట్టిది, ఇప్పటివన్నీ అగ్గిపెట్టెలు అంటారు మా నాన్న. నిజమేనా?

సగం నిజం. సున్నపు గోడలు, 9 అంగుళాల ఇటుక గోడలు, 11, 12 అడుగుల ఎత్తు ఉన్న ఇళ్ల గురించి ఆయన చెప్తున్నది నిజమే. ఎండాకాలంలో ఆ ఇంట్లోకి అడుగుపెడితేనే తెలుస్తుంది. కానీ 80, 90ల స్లాబ్ ఇళ్లన్నిటికీ అదే కితాబు ఇవ్వలేం. అప్పట్లో చాలాచోట్ల కాంక్రీటు చేత్తో కలిపేవారు, పని సులువవ్వాలని నీళ్లు ఎక్కువ పోసేవారు, ఊచలకి కింద కాంక్రీటు పట్టేలా ఎడం ఉంచే కవర్ బిళ్లలు సరిగ్గా పెట్టకుండానే ఊచలు పరిచేవారు. నీళ్లెక్కువైన కాంక్రీటు గుల్లబారుతుంది, చెమ్మ ఊచల దాకా పోతుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ కింద ఉన్న కాంక్రీటుని నెట్టేస్తుంది. స్లాబ్ కింద పెచ్చులు ఊడటం అంటే జరిగేది ఇదే. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, బీచ్ వ్యూ అని ఎగబడేముందు బాల్కనీ కింది భాగం చూడండి.

పాత అపార్ట్‌మెంట్లకి ఇంకో సంగతి. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. ఆ తర్వాత 2002లో భూకంప డిజైన్ కోడ్ మార్చారు. అంతకు ముందు కట్టిన స్టిల్ట్ పార్కింగ్ బిల్డింగ్ అయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించకుండా కొనకండి.

కొత్తవాటికి వస్తే డిజైన్ మెరుగైంది, కాంక్రీటు ప్లాంటు నుంచి వస్తోంది, పరీక్షలు చేస్తున్నారు. ఇబ్బంది తొందరలో ఉంది. క్యూరింగ్‌కి నీళ్లు సరిగ్గా కొట్టకపోవడం, ప్లాస్టరింగ్ ఆరకముందే లప్పం పెట్టి రంగేయడం, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ మీద చేయి బిగించడం, ఇవన్నీ మొదటి రెండు వానాకాలాల్లో బయటపడతాయి. మైవాన్ పద్ధతిలో గోడలు కూడా కాంక్రీటే, వేగంగా అయిపోతుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ రేపు ఒక గోడ తీసేసి హాలు పెద్దది చేసుకుందామంటే కుదరదు, ఎందుకంటే బరువు మోసేది ఆ గోడలే. కొనేముందు ఈ మాట చెప్పే సేల్స్ వాళ్లని నేనింతవరకు చూడలేదు.

పాత ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

ముందు ఎప్పుడు వెళ్లాలో చెప్తాను. వాన పడిన మర్నాడు వెళ్లండి. ఎండాకాలంలో ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. కొత్తగా రంగు వేసి ఉంటే, అదీ హాలంతా పాతగా ఉండి ఒక్క గోడకో ఒక్క సీలింగ్ ముక్కకో వేసి ఉంటే, అక్కడ ఏం దాచారో అడగండి.

మొదట మేడ మీదకి ఎక్కండి. నీళ్లు నిలిచిన మరకలు, పిట్టగోడ పగుళ్లు, వాటర్ ట్యాంకు కింద తడి చూడండి. తర్వాత పై అంతస్తు సీలింగ్, సజ్జల కింది భాగం, బాత్రూంల అవతలి గోడ చూడండి. సీలింగ్‌ని కర్రతో తట్టి చూస్తే గుల్లగా మోగేచోట పెచ్చు వదిలేసినట్టు. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక లైటు ఊడదీయించి లోపలికి టార్చి కొట్టి చూడండి, మొహమాటపడొద్దు, కట్టేది లక్షలు. కప్‌బోర్డుల వెనక, గుమ్మాల అడుగున చెదలు మట్టి గీతలు ఉన్నాయేమో చూడండి. గోడల్లో వెంట్రుకంత పగుళ్లు మామూలే, కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగి వేలు పట్టేంత ఉన్నవాటిని మాత్రం ఇంజనీరు చూడాల్సిందే. స్తంభాలు, దూలాల వెంబడి నిలువుగానో పొడుగ్గానో పగుళ్లుంటే లోపల తుప్పు అని అనుమానించండి.

వైరింగ్ గురించి ఎవరూ పట్టించుకోరు. పాతకాలం ఇంటికి ఎర్తింగ్ ఉందా, పాత ఫ్యూజు కట్టల బదులు ఎంసీబీలు పెట్టారా, కరెంటు మీటరు ఎన్ని కిలోవాట్లకి తీసుకున్నారు, మూడు ఏసీలు, గీజర్లు తట్టుకుంటుందా. అప్పట్లో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్రిజ్ లెక్కన వేశారు. పైపులు జీఐవి, అంటే ఇనుపవి అయితే లోపల తుప్పు పట్టి సన్నబడిపోయి ఉంటాయి, అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి చూడండి. వీటిని మార్చడం అంటే గోడలు, టైల్స్ పగలగొట్టడమే.

ఇంజనీరుని తీసుకెళ్తే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ లాంటి పరీక్షలు పగలగొట్టకుండానే చేస్తారు. అమెరికాలో ఉండే మనవాళ్లు అక్కడ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాకుండా ఇల్లు కొనడానికి ఇష్టపడరు, ఇక్కడ మాత్రం బావమరిది వెళ్లి చూసి బాగుందన్నాడని అడ్వాన్సు పంపించేస్తారు. ఇదేం లెక్కో నాకర్థం కాదు.

కొత్త ఫ్లాట్ తాళాలు తీసుకునేటప్పుడు?

గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని తర్వాత ఫ్లాట్ చూడటానికి వెళ్లొద్దు, బిల్డరు దగ్గర మీకు పట్టు పోయేది అప్పుడే. ముందు వెళ్లి టైల్స్ నాణెంతో తట్టండి, బాత్రూంలో డ్రెయిన్ మూసి ఒక రోజు నీళ్లు నిలబెట్టించి కింది ఫ్లాట్ సీలింగ్ చూడండి, బాల్కనీలో బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి, ప్రతి సాకెట్లో చార్జర్ పెట్టండి. కనపడినవన్నీ రాసి ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పింది చెప్పినట్టు లెక్కలోకి రాదు.

రేరా నంబరు ఉంటే టెన్షన్ లేనట్టేనా?

తగ్గుతుంది, పోదు. 2016 చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా ప్రాజెక్టుని ప్రకటించకూడదు, అమ్మకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో పెట్టాలి. తాళాలు ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టడంలోనో పనితనంలోనో లోపం బయటపడి మీరు తెలియజేస్తే 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. పాత ఇంటికి ఇలాంటి గ్యారంటీ ఏదీ లేదు, కొత్తదానికి ఉన్న పెద్ద బలం ఇదే.

అయితే 500 చదరపు మీటర్ల లోపు స్థలంలోనో, 8 ఫ్లాట్ల లోపో కట్టేవి రేరా కిందకి రావు. మన కాలనీల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇలాంటివే. ఇక ప్రీలాంచ్ ఆఫర్ అని సగం ధరకి మొత్తం ముందే కట్టమనేవి ఉన్నాయే, హైదరాబాద్‌లో వాటిని నమ్మి వేలమంది ఇరుక్కున్నారు. అనుమతులు రాకముందు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

పాత ఇంటికి కాగితాలు చూడటం కష్టమా?

కష్టమే, కానీ ఇక్కడే అసలు పని. కనీసం 30 ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు వరసగా ఉండాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి. మధ్యలో ఎవరైనా చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలూ ఉన్నాయా, ముఖ్యంగా ఆడపిల్లల సంతకాలు. పెళ్లై వెళ్లిపోయింది, ఆవిడకేం వద్దంది అని నోటిమాటగా చెప్తారు, అది కాగితం మీద ఉండాలి. మధ్యలో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మిన లింక్ ఉంటే జాగ్రత్త, జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఒరిజినల్స్ బ్యాంకు తాకట్టులో లేవని కళ్లారా చూడండి, ప్లాన్‌లో రెండు అంతస్తులుండి కింద నిలబడితే నాలుగు కనపడుతున్నాయేమో లెక్కపెట్టండి.

కొత్తదానికి కాగితాలు అక్కర్లేదని కాదు. ల్యాండ్ ఓనరుకీ బిల్డరుకీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, మీ ఫ్లాట్ ఎవరి వాటాలో ఉంది, ఓసీ, ఇవి చూడాలి. లాయరు ఫీజు దగ్గర బేరమాడొద్దు. బిల్డరు చూపించిన లాయరు కాకుండా మీ లాయరు.

పాత ఇంటికి బ్యాంకు లోన్ ఇస్తుందా?

ఇస్తుంది. బ్యాంకు వాల్యూయర్ వచ్చి బిల్డింగ్ ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో రాస్తాడు, లోన్ గడువు దాన్ని మించకుండా చూస్తారు. ముప్ఫై ఏళ్ల ఫ్లాట్‌కి ఇరవై ఏళ్ల లోన్ అడిగితే పదిహేనుకి తగ్గించొచ్చు, ఈఎంఐ పెరుగుతుంది. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా 80, ఆ పైన 75 శాతం మించి ఇవ్వరు. ఇందులో రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా కలవదు. పాత ఇంటికి ఇంకో చిక్కు, బ్యాంకు కట్టే విలువ మీరు మాట్లాడుకున్న ధర కన్నా తక్కువ రావొచ్చు, ఆ తేడా మీ జేబులోంచి పెట్టుకోవాలి.

నీళ్లు, వరదల సంగతి?

ఇందులో పాత ఇల్లే నాకు ఇష్టం, ఎందుకంటే అడిగి తెలుసుకోవడానికి చుట్టూ మనుషులున్నారు. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో కాలనీలకి కాలనీలు మునిగాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంది. పాత ఇంటి గోడల మీద ఆ గీత కనపడుతుంది, పక్కింటావిడ ఎంత ఎత్తు వచ్చిందో చెయ్యి పెట్టి మరీ చూపిస్తుంది. కొత్త బిల్డింగ్‌కి ఆ జ్ఞాపకం లేదు. అక్కడ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ మ్యాపులు మీరే చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక హైదరాబాద్ వాళ్లకి ఈ మాటలు కొత్తగా వివరించక్కర్లేదు.

తాగునీటికి మున్సిపల్ నల్లా ఉందా, బోరు ఏప్రిల్, మే నెలల్లో పనిచేస్తుందా, ట్యాంకర్లకి నెలకి ఎంతవుతుంది అని వాచ్‌మన్ని అడగండి, అసోసియేషన్ ప్రెసిడెంటుని కాదు.

మెయింటెనెన్స్?

చిన్న పాత అపార్ట్‌మెంట్లో నెలకి రెండు మూడు వేలతో అయిపోతుంది, కానీ లిఫ్ట్ మార్చాల్సి వస్తే అందరూ ఒకేసారి వేసుకోవాలి, అక్కడ కొట్లాట. గేటెడ్ కమ్యూనిటీలో ఎస్‌ఎఫ్‌టీ లెక్కన నెలనెలా వసూలు చేస్తారు, మొదట్లోనే కార్పస్ ఫండ్, అంటే ముందుముందు పెద్ద ఖర్చులకి దాచే నిధి కూడా కట్టించుకుంటారు. స్విమ్మింగ్ పూల్లో దిగకపోయినా దాని ఖర్చు మీదే.

పాతది కొని రీమోడలింగ్ చేయిస్తే కలిసొస్తుందా?

స్లాబ్, స్తంభాలు బాగుండి వైరింగ్, ప్లంబింగ్, ఫ్లోరింగ్ మారిస్తే కలిసొస్తుంది. మేస్త్రీ చెప్పిన అంచనాకి పైన మూడో వంతు పక్కన పెట్టుకోండి, గోడ పగలగొట్టాక లోపల ఏముందో ఎవరూ ముందే చెప్పలేరు. పాత తాండూరు, బేతంచర్ల బండలుంటే పీకేయకండి, పాలిష్ చేయిస్తే చాలు. పైన ఇంకో అంతస్తు వేద్దామని లెక్క వేసుకుంటున్నారా, పునాది మోస్తుందో లేదో ఇంజనీరు రాసిచ్చాకే ఆ లెక్క.

వాస్తు?

మీకు నమ్మకం ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే చూపించుకోండి, తర్వాత కాదు. నమ్మకం లేనివాళ్లకి ఒక లాభం ఉంది, సౌత్ ఫేసింగ్ పాత ఇళ్లు ఎక్కువకాలం అమ్ముడుపోక బేరానికి దిగుతాయి. మళ్లీ అమ్మేటప్పుడు మీకూ అదే ఎదురవుతుంది.

బేరం ఎక్కడ కుదురుతుంది?

పాత ఇంట్లో. పిల్లలు విదేశాల్లో స్థిరపడి, పెద్దవాళ్లు ఇల్లు చూసుకోలేక అమ్ముతుంటే ధర కన్నా డబ్బు ఎంత తొందరగా, ఎంత గొడవ లేకుండా వస్తుందన్నదే వాళ్లకి ముఖ్యం. లోన్ ముందే మంజూరు చేయించుకుని వెళ్లండి, ఇంజనీరు రిపోర్టు చేతిలో పెట్టుకోండి. బిల్డరు ధర తగ్గించడానికి మామూలుగా ఒప్పుకోడు, పక్క ఫ్లాట్ వాళ్లు అడుగుతారని. కార్ పార్కింగ్, పై అంతస్తుకి అదనంగా వేసే ఫ్లోర్ రైజ్ చార్జీలు వదిలేయమంటే వింటాడు. ఏజెంటు ఉంటే కమీషన్ మామూలుగా 1 నుంచి 2 శాతం, అది ఒకవైపు నుంచా రెండు వైపుల నుంచా అన్నది ఇల్లు చూడకముందే తేల్చుకోండి.